తేదీలు వరుస తప్పిన రికార్డులను పట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

డేటాబేస్‌లో తేదీలు ముందువెనకలయ్యాయని వచ్చేవాళ్లు తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ చివరికి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఉదాహరణకు ఒక రైస్ మిల్లు కాటా టేబుల్ తీసుకున్నాను. మిల్లులో రెండు కాటాలున్నాయి, దేని చీటీ పుస్తకం దానిదే. ప్రతి రికార్డులో కాటా నంబరు, చీటీ నంబరు, లారీ నంబరు, లారీ వచ్చిన తేదీ, తూచిన తేదీ, వెళ్లిన తేదీ ఉంటాయి. క్వెరీలను, అంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలను, కోడ్‌గా కాకుండా మాటల్లో చెప్పాను. లెక్క అర్థమైతే కోడ్ రాయడం ఐదు నిమిషాల పని.

## వెతకడానికి ముందు

టేబుల్‌లో రికార్డులకు వరుసే ఉండదంటారు కదా, మరి వరుస తప్పడం ఏంటి?

నిజమే. 1970లో ఎడ్గర్ కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించినప్పటి నుంచీ టేబుల్ అంటే ఒక సమితి, అందులో రికార్డులు ఏ వరుసలో ఉన్నాయన్నదానికి అర్థం లేదు. ఏ వరుసలో పేర్చాలో చెప్పే ఆర్డర్ బై లేకుండా సెలెక్ట్ కొడితే ఈరోజు ఒక వరుసలో, రేపు ఇంకో వరుసలో రావచ్చు. కాబట్టి "తేదీ వరుస తప్పింది" అన్న మాట ఒక్క కాలమ్‌తో పూర్తికాదు. "చీటీ నంబరు పెరుగుతున్నా తేదీ వెనక్కి వెళ్లింది" అంటే అర్థముంది. "వచ్చిన తేదీ కన్నా వెళ్లిన తేదీ ముందుంది" అన్నా అర్థముంది. రెండు చోట్లా తేదీని దేనితో పోలుస్తున్నారో, ఆ రెండోదాన్ని మీరు నమ్ముతున్నారు. ఆ నమ్మకం ఎంత గట్టిదో ముందు చూసుకోవాలి. క్వెరీ గురించి ఆలోచించడం ఆ తర్వాత.

ప్రతి రికార్డును గుర్తించే ప్రైమరీ కీ ఐడీ తనంతట తానే పెరుగుతుంది కదా, దాని వరుసే నమ్మొచ్చా?

కొంతవరకే. ఐడీ చెప్పేది ఆ నంబరు ఎప్పుడు కేటాయించారన్నది, పని ఎప్పుడు జరిగిందన్నది కాదు. పాత సాఫ్ట్‌వేర్ డేటాను కొత్తదానిలోకి తర్వాత ఎక్కిస్తే 2015 నాటి చీటీలకు 2023 చీటీల కన్నా పెద్ద ఐడీలు వస్తాయి. ఒరాకిల్ క్లస్టర్‌లో, అంటే ఒకే డేటాబేస్‌ను కలిసి నడిపే సర్వర్ల గుంపులో, ఒక్కో నోడ్ (సర్వర్) నంబర్లు ఇచ్చే సీక్వెన్స్ నుంచి కొన్ని నంబర్లు ముందే తీసి దాచుకుంటుంది, మామూలుగా 20. అందువల్ల రెండో నోడ్‌లో ఉదయం పడిన రికార్డుకు మొదటి నోడ్‌లో సాయంత్రం పడినదాని కన్నా పెద్ద నంబరు ఉండొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి జరగాల్సిన మార్పుల కట్ట) రద్దయినా వాడేసిన నంబరు వెనక్కి రాదు. ఖాళీ కనబడుతుందే గానీ అది వరుస తప్పడం కాదు. మైఎస్‌క్యూఎల్ 8.0 కన్నా ముందు, డేటాను దాచే దాని భాగమైన ఇన్నోడీబీ ఈ లెక్కను మెమరీలోనే ఉంచుకునేది. చివరి రికార్డులు డిలీట్ చేసి సర్వర్ రీస్టార్ట్ చేస్తే అవే నంబర్లు మళ్లీ వచ్చేవి.

మనిషి చేతిలో ఉన్న అచ్చు చీటీ నంబరుంటే నేను ఐడీని పక్కన పెట్టి దాన్నే పట్టుకుంటాను.

ఎంట్రీ కొట్టిన తేదీ చూడాలా, పని జరిగిన తేదీ చూడాలా?

రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. శనివారం తూచిన లారీని గుమాస్తా సోమవారం ఎక్కిస్తే ఎంట్రీ తేదీ సోమవారం, పని తేదీ శనివారం. ఐడీ వరుసలో చూస్తే పని తేదీ వెనక్కి వెళ్లినట్టు కనబడుతుంది, కానీ అందులో తప్పేం లేదు. ఐడీతో ఎంట్రీ తేదీని పోల్చండి, చీటీ నంబరుతో పని తేదీని పోల్చండి. అడ్డదిడ్డంగా కలిపితే లేని తప్పులు వందలు దొరుకుతాయి. టేబుల్‌లో తేదీ కాలమ్ ఒక్కటే ఉంటే అది ఏ తేదీయో ఎంట్రీ కొట్టే మనిషినే అడగండి. కాలమ్ పేరు చూసి ఊహించకండి.

మా దగ్గర తేదీ వార్‌చార్ (అక్షరాల) కాలమ్‌లో రోజు-నెల-సంవత్సరంగా ఉంది. అలాగే పోల్చొచ్చా?

వద్దు. అక్షరాలుగా పోలిస్తే డేటాబేస్ ఎడమ నుంచి ఒక్కో అక్షరం చూసుకుంటూ పోతుంది. 02-01-2024 ముందు, 15-12-2023 తర్వాత అంటుంది, ఎందుకంటే సున్నా ఒకటి కన్నా చిన్నది. నెలాఖరు దాటిన ప్రతిసారీ వరుస తప్పినట్టు చూపిస్తుంది, నిజంగా తప్పినచోట ఊరుకుంటుంది. సంవత్సరం-నెల-రోజుగా, ఒంటి అంకెల ముందు సున్నాతో రాసి ఉంటే మాత్రం అక్షరాల పోలికా సరిగ్గానే పనిచేస్తుంది.

ముందు పక్కన అసలైన డేట్ టైపుతో కొత్త కాలమ్ పెట్టి, మార్చిన విలువ అందులో వేయండి. పాత కాలమ్‌ను తాకకండి. మారనివి నల్‌గా, అంటే విలువే లేని ఖాళీగా మిగులుతాయి. 31-06-2024 లాంటివి అక్కడే బయటపడతాయి, జూన్‌కు 31 లేదు కదా. మార్చేటప్పుడు ఫార్మాట్‌ను మీరే స్పష్టంగా ఇవ్వండి: ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్‌లలో టు-డేట్, మైఎస్‌క్యూఎల్‌లో ఎస్‌టీఆర్-టు-డేట్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రై-కన్వర్ట్‌తో 105 నంబరు స్టైల్. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్‌లలో టు-డేట్ తప్పుడు తేదీ దగ్గర ఎర్రర్ ఇచ్చి మొత్తం ఆపేస్తుంది, కాబట్టి అలాంటివాటిని ముందే విడదీసుకోవాలి.

మా కాలమ్ నిజంగా డేట్ టైపేనా? ఎలా తెలుస్తుంది?

స్క్రీన్ మీద చూసి చెప్పలేం. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో ఇన్ఫర్మేషన్ స్కీమాలోని కాలమ్స్ జాబితా చూడండి. ఒరాకిల్‌లో యూజర్-ట్యాబ్-కాలమ్స్ చూడాలి. ఎస్‌క్యూలైట్‌లో అసలు డేట్ టైపే లేదు. మీరు డేట్ అని రాసినా లోపల అక్షరాలో అంకెలో ఉంటాయి. టైప్-ఆఫ్ ఫంక్షన్‌తో ఒక్కో టైపు ఎన్ని రికార్డుల్లో ఉందో లెక్కపెట్టండి. ఒకే కాలమ్‌లో రెండు టైపులు కనబడితే ఆశ్చర్యపోకండి.

## వెతికేటప్పుడు

ఒకే రికార్డులో వచ్చిన తేదీ కన్నా వెళ్లిన తేదీ ముందుంటే ఎలా పట్టుకోవాలి?

ఇది సులువు. వెళ్లిన తేదీ వచ్చిన తేదీ కన్నా చిన్నది అని, రికార్డులను వడకట్టే వేర్‌లో ఒక షరతు రాస్తే చాలు. మధ్యలో తూచిన తేదీ కూడా ఉంది కాబట్టి షరతులు రెండు: తూచినది వచ్చినదాని కన్నా చిన్నది, లేదా వెళ్లినది తూచినదాని కన్నా చిన్నది.

చిక్కంతా నల్‌తోనే. తూచిన తేదీ నల్ అయితే పై రెండు షరతులూ "తెలియదు" అంటాయి. ఆ రికార్డులో వెళ్లిన తేదీ వచ్చిన తేదీ కన్నా పదిరోజులు ముందున్నా జాబితాలోకి రాదు. అందుకే వెళ్లినది వచ్చినదాని కన్నా చిన్నది అనే మూడో షరతు కూడా చేర్చండి. ఒక కాలమ్‌లో తేదీ మాత్రమే ఉండి ఇంకోదానిలో సమయం కూడా ఉంటే మరో పేచీ. ఉత్త తేదీని డేటాబేస్ అర్ధరాత్రి 12 గంటలుగా తీసుకుంటుంది. లారీ ఉదయం 9కి వచ్చి అదే రోజు వెళ్లినా తప్పుగా చూపిస్తుంది. రెండింటినీ తేదీగా కుదించి పోల్చండి.

ముందు రికార్డు తేదీతో పోల్చే క్వెరీ ఎలా రాయాలి?

ల్యాగ్ అనే విండో ఫంక్షన్ (పొరుగు రికార్డులను కూడా చూడగల ఫంక్షన్) ఉంది. ల్యాగ్ బ్రాకెట్లో తూచిన తేదీ, తర్వాత ఓవర్, ఓవర్ బ్రాకెట్లో పార్టిషన్ బై కాటా నంబరు, ఆర్డర్ బై చీటీ నంబరు. అంటే ప్రతి చీటీ పక్కన, అదే కాటాలో దానికి ముందున్న చీటీ తేదీ వచ్చి నిలబడుతుంది. దీన్ని లోపలి క్వెరీగా పెట్టి, బయటి క్వెరీలో "ఈ తేదీ ముందు తేదీ కన్నా చిన్నది" అని అడగండి. ప్రతి కాటాలో మొదటి చీటీకి ముందేమీ లేదు కాబట్టి నల్ వస్తుంది, అది తప్పుల్లో చేరదు.

ఒరాకిల్‌లో ఇది ఎప్పటినుంచో ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 2012 వెర్షన్‌లో, పోస్ట్‌గ్రెస్‌కు 2009లో వచ్చిన 8.4లో, మైఎస్‌క్యూఎల్‌కు 8.0లో, ఎస్‌క్యూలైట్‌కు 2018లో వచ్చిన 3.25లో చేరింది.

ల్యాగ్‌ను నేరుగా వేర్‌లో రాస్తే ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

వేర్ పని ముందు జరుగుతుంది, విండో ఫంక్షన్ల లెక్క ఆ తర్వాత. ఇంకా పుట్టని విలువను వేర్ పోల్చలేదు. సబ్‌క్వెరీలోనో విత్‌తో మొదలయ్యే సీటీఈలోనో (పేరు పెట్టిన తాత్కాలిక క్వెరీ) ల్యాగ్‌ను లెక్కించి, బయట వడకట్టండి.

ఇదే కారణంగా ఇంకో పొరపాటు ఎర్రర్ కూడా ఇవ్వకుండా జరిగిపోతుంది. లోపలి క్వెరీలోనే "జూన్ నెల మాత్రమే" అని వేర్ పెడితే జూన్ మొదటి చీటీకి ముందున్న మే చీటీ ల్యాగ్‌కు కనబడదు. జూన్ చీటీకి పొరపాటున ఏప్రిల్ తేదీ పడితే అదసలు లోపలికే రాదు. తేదీ షరతు ఎప్పుడూ బయటి క్వెరీలో ఉండాలి.

మా సర్వర్‌లో మైఎస్‌క్యూఎల్ 5.7. ల్యాగ్ లేదు. ఏం చేయాలి?

ఎగ్జిస్ట్స్ వాడండి. "ఇదే కాటాలో, దీనికన్నా చిన్న చీటీ నంబరుతో, దీనికన్నా తర్వాతి తేదీతో ఇంకో రికార్డు ఉందా" అని అడగడమే. ఉంటే ఇది వరుస తప్పినట్టు. పెద్ద టేబుల్‌లో నిదానంగా నడుస్తుంది గానీ జవాబు సరైనదే.

ఐడీకి ఒకటి కలిపి తర్వాతి రికార్డుతో జాయిన్ చేసే పద్ధతి చాలామంది రాస్తారు. మధ్యలో ఒక్క రికార్డు డిలీట్ అయి ఉన్నా అక్కడ జోడీ కుదరదు, ఆ చోట తప్పుంటే దొరకదు. అట్ గుర్తుతో యూజర్ వేరియబుల్స్ వాడి ముందు విలువ గుర్తుంచుకునే చిట్కా కూడా ప్రచారంలో ఉంది. ఏది ముందు లెక్కించాలన్నదానికి మైఎస్‌క్యూఎల్ హామీ ఇవ్వదు కాబట్టి నేను దాని జోలికి పోను.

తప్పు ఒకచోట ఉంటే క్వెరీ ఇంకో రికార్డును పట్టుకుంటోంది. ఎందుకలా?

నన్నడిగితే ఈ జాబితాలో అసలు ప్రశ్న ఇదే. ల్యాగ్ చూపించేది వరుస ఎక్కడ తెగిందన్నది. ఎవరు తెంపారో దానికి తెలియదు.

కాటా ఒకటిలో 101 నుంచి 105 దాకా చీటీల తేదీలు జూన్ 3, 4, 24, 5, 6 అనుకోండి. 104వ చీటీ, అంటే జూన్ 5, ముందున్న 24 కన్నా చిన్నది కాబట్టి క్వెరీ 104ను చూపిస్తుంది. కానీ మామూలు కంటికే తెలుస్తోంది, దొంగ 103. అక్కడ 4కు బదులు 24 పడింది. అదే 103లో మే 4 పడి ఉంటే క్వెరీ 103నే చూపించేది. తేదీ వెనక్కి జారితే దొంగే దొరుకుతాడు, ముందుకు దూకితే పక్కింటివాడు దొరుకుతాడు.

దీన్ని క్వెరీతోనే తేల్చొచ్చు. తెగిన చోట మూడు పొరుగు విలువలు తెచ్చుకోండి: ల్యాగ్‌తో ఒక అడుగు వెనక, ల్యాగ్‌కు 2 ఇచ్చి రెండడుగులు వెనక, లీడ్‌తో ఒక అడుగు ముందు. ఇప్పుడు రెండు ప్రశ్నలు. ముందు రికార్డును తీసేస్తే వరుస అతుకుతుందా, అంటే ఈ తేదీ రెండడుగుల వెనకటిదానికి సమానమో పెద్దదో అవునా? ఈ రికార్డును తీసేస్తే అతుకుతుందా, అంటే తర్వాతి తేదీ ముందు తేదీకి సమానమో పెద్దదో అవునా? మొదటిదానికే అవును అయితే తప్పు ముందు రికార్డుది. రెండోదానికే అయితే ఈ రికార్డుది. రెండిటికీ అవును అయితే రెండు చీటీలు తారుమారై ఉంటాయి, 3, 5, 4, 6 లాగా. ఏది తప్పో అంకెలు చెప్పలేవు, కాగితం చూడాలి. రెండిటికీ కాదు అయితే అక్కడ ఒకటి కన్నా ఎక్కువ రికార్డులు చెడ్డాయి.

ల్యాగ్ ఒక్క రికార్డే చూపించింది. చేత్తో చూస్తే వరసగా చాలా తప్పుగా ఉన్నాయి. మిగతావి ఎలా వస్తాయి?

ల్యాగ్ పక్కనున్నదానితోనే పోలుస్తుంది. తేదీలు 10, 11, 12, 13, 14, 3, 4, 15 అయితే 3 దగ్గర ఒక్కసారి మొత్తుకుని 4 దగ్గర ఊరుకుంటుంది, 4 మూడు కన్నా పెద్దదే కదా.

ఇక్కడ ఇప్పటిదాకా వచ్చిన గరిష్ఠ తేదీతో పోల్చాలి. మ్యాక్స్ ఫంక్షన్‌కు ఓవర్ పెట్టి, ఫ్రేమ్‌ను (అది చూసే రికార్డుల పరిధిని) మొదటి రికార్డు నుంచి ఒక అడుగు వెనక వరకు అని ఇవ్వండి. 3, 4 రెండూ దొరుకుతాయి. దీనికీ ఒక బలహీనత ఉంది. ఎక్కడో ఒకచోట 2024కు బదులు 2042 పడిందంటే ఆ తర్వాతి చీటీలన్నీ తప్పే అంటుంది. కాబట్టి వెనక నుంచి కూడా చూడండి: ప్రతి తేదీని దాని తర్వాత వచ్చేవాటిలో కనిష్ఠంతో పోల్చి, పెద్దవాటిని తీయండి. పై ఉదాహరణలో ముందు నుంచి వస్తే రెండు, వెనక నుంచి వస్తే ఐదు రికార్డులు పడతాయి. 2042 ఉన్నచోట వెనక నుంచి చూస్తే అదొక్కటే పడుతుంది. ఏ జాబితా పొట్టిగా ఉందో సాధారణంగా తప్పులు అందులో ఉంటాయి.

ఇంకా కచ్చితంగా కావాలంటే డేటాను పైథాన్‌లోకి తెచ్చి, తగ్గకుండా సాగే అతి పొడవైన ఉపవరుసను కనుక్కోండి. అందులో లేనివే అనుమానితులు. బైసెక్ట్ మాడ్యూల్‌తో పదిహేను ఇరవై లైన్ల పని, లక్షల రికార్డులకైనా తట్టుకుంటుంది. దీన్ని ఎస్‌క్యూఎల్‌లో రాయాలని పట్టుబట్టకండి.

పార్టిషన్ బై పెట్టకపోతే ఏమవుతుంది?

రెండు కాటాల చీటీలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒకటో కాటాలో 500వ చీటీ మార్చిలో, రెండో కాటాలో 500వ చీటీ జూన్‌లో పడి ఉంటే ప్రతి అడుగులోనూ తేదీ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. జాబితాలో సగం టేబుల్ కనబడిందంటే మొదట అనుమానించాల్సింది ఇదే. చీటీ పుస్తకం ఏటా ఒకటి నుంచి మొదలైతే సీజన్ లేదా ఆర్థిక సంవత్సరం కూడా పార్టిషన్‌లోకి రావాలి.

రెండు రికార్డులకు ఒకే తేదీ ఉంటే తప్పు కిందకు వస్తుందా?

రోజుకు అరవై లారీలు తూచే చోట ఒకే తేదీ అరవైసార్లు ఉంటుంది. అది తప్పు కాదు, "చిన్నది" అని మాత్రమే అడగండి. మీటర్ రీడింగులాగా రోజుకొకటే ఉండాల్సినచోట "చిన్నది లేదా సమానం" అడగాలి. ఆర్డర్ బైలో తేదీయే పెట్టి ఇంకో కాలమ్‌ను పోలుస్తుంటే మాత్రం, ఒకే తేదీ ఉన్నవాటిలో ఏది ముందొస్తుందో డేటాబేస్ ఇష్టం. రెండుసార్లు నడిపితే రెండు జవాబులు రావచ్చు. తేదీ పక్కన చీటీ నంబరు కూడా చేర్చండి.

మధ్యలో తేదీ లేని రికార్డులున్నాయి. వాటినేం చేయాలి?

తేదీలు 8, నల్, 6 అయితే ల్యాగ్ 6ను నల్‌తో పోలుస్తుంది, జవాబు "తెలియదు", తప్పు జారిపోతుంది. ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022లలో ల్యాగ్‌కు ఇగ్నోర్ నల్స్ అని చెప్పొచ్చు. మైఎస్‌క్యూఎల్ 8లో ఆ వీలు లేదు. ఎక్కడైనా పనిచేసే దారి ఒకటుంది: లోపలి క్వెరీలో నల్‌లను ముందే తీసేసి మిగతావాటి మీద ల్యాగ్ నడపండి. తేదీ లేనివాటి జాబితా విడిగా తీయండి, అదొక వేరే జబ్బు.

ఊరికే ఆర్డర్ చేసి కళ్లతో చూసేవాళ్లకు ఇంకో మాట. చిన్నది నుంచి పెద్దదిగా పేర్చితే పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ నల్‌లను అడుగున పెడతాయి. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూలైట్ పైన పెడతాయి.

రెండు తేదీల మధ్య కాలాలు ఒకదానిపై ఒకటి పడుతున్నాయా అని ఎలా చూడాలి?

ఒకే లారీ ఒకేసారి రెండుచోట్ల ఉండలేదు. లారీ నంబరుతో పార్టిషన్ చేసి, వచ్చిన తేదీతో పేర్చి, ముందు రికార్డులో వెళ్లిన తేదీ ఈ రికార్డులో వచ్చిన తేదీ కన్నా పెద్దదా అని అడగండి. ముందుది ఒక్కటే చూస్తే చాలదు. మొదటి ట్రిప్పు 1 నుంచి 20 వరకు, రెండోది 3 నుంచి 4, మూడోది 10 నుంచి 11 అయితే మూడోదానికి ముందున్నది 4నే ముగిసింది, కానీ మొదటిది ఇంకా నడుస్తోంది. కాబట్టి అప్పటిదాకా వచ్చిన వెళ్లిన తేదీల గరిష్ఠంతో పోల్చండి.

కోటి రికార్డులున్నాయి. గంట గడిచినా క్వెరీ జవాబు ఇవ్వట్లేదు.

కాటా నంబరు, చీటీ నంబరు, తేదీ, ఈ వరుసలో ఒక ఇండెక్స్ ఉంటే డేటాబేస్ పేర్చే పని తప్పించుకోగలదు. ఎక్కువ సమయం తినేది ఆ పేర్పే. వీలైతే నడుస్తున్న సర్వర్ మీద కాకుండా దాని నకలైన రెప్లికా మీద నడపండి. ముక్కలుగా చేస్తుంటే ప్రతి ముక్కలోనూ వెనకటి ముక్క చివరి రికార్డును కలుపుకోండి. లేకపోతే అతుకు దగ్గరి తప్పులు కనబడవు.

## కారణం వెతికేటప్పుడు

తేడా ఎప్పుడూ కచ్చితంగా ఐదున్నర గంటలే ఉంటోంది. ఇదేం తప్పు?

మనుషుల తప్పు కాదు, టైమ్ జోన్ తప్పు. ఒక ప్రోగ్రామ్ భారత కాలమానం, ఇంకోటి యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) రాస్తోంది. తేదీ మాత్రమే దాచుకునే చోట ఇది ఇంకో రూపంలో కనబడుతుంది: మన గడియారంలో అర్ధరాత్రి నుంచి ఉదయం 5.30 లోపు పడిన రికార్డులన్నీ ముందు రోజు తేదీతో ఉంటాయి. తప్పుల్లో నైట్ షిఫ్ట్‌వే ఎక్కువుంటే ఇదే అనుకోండి. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ టైపు విలువను యూటీసీలోకి మార్చి దాచుతుంది, డేట్‌టైమ్ టైపు ఇచ్చింది ఇచ్చినట్టే దాచుతుంది. ఈ రెండింటినీ కలిపి వాడిన టేబుళ్లలో ఈ తప్పును తరచూ చూస్తాం.

అమెరికా క్లయింట్ల డేటా మీద హైదరాబాద్‌లో పనిచేసేవాళ్లకు ఇంకొకటి తగులుతుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ చాలా రాష్ట్రాల్లో తెల్లవారుజామున 2 గంటలకు గడియారాన్ని 1కి తిప్పుతారు. 2024లో అది నవంబరు 3. ఆ రోజు 1.50 తర్వాత 1.10 రావడం సహజం. లోకల్ సమయం దాచుకున్న టేబుల్‌లో దాన్ని సరిదిద్దడానికి ఏమీ లేదు.

కొత్త ఐడీకి పాత సమయం పడింది. ఎవరూ చేత్తో మార్చలేదు. ఎలా సాధ్యం?

పోస్ట్‌గ్రెస్‌లో నౌ ఫంక్షన్ ఇచ్చేది ట్రాన్సాక్షన్ మొదలైన సమయం. ఒక పెద్ద ట్రాన్సాక్షన్ 10.00కి మొదలై 10.04కి ఇన్సర్ట్ చేసిందనుకోండి. మధ్యలో 10.02కి ఇంకోటి చటుక్కున ఇన్సర్ట్ చేసి 500 ఐడీ తీసుకుంది. పెద్దదానికి 501 వస్తుంది, సమయం మాత్రం 10.00. ఇద్దరిలో ఎవరూ తప్పు చేయలేదు. ఆ క్షణపు సమయమే కావాలంటే క్లాక్-టైమ్‌స్టాంప్ వాడాలి. మైఎస్‌క్యూఎల్‌లో నౌ ఆ స్టేట్‌మెంట్ మొదలైన సమయం ఇస్తుంది, సిస్‌డేట్ అప్పటికప్పటి సమయం ఇస్తుంది. సమయాన్ని డేటాబేస్ కాకుండా అప్లికేషన్ సర్వర్లు వేస్తుంటే వాటి గడియారాల మధ్య తేడా చూడండి.

1900, 1970, 45292 లాంటివి కనబడుతున్నాయి. ఎక్కడివి ఇవి?

మొదటి రెండూ తేదీలు కావు, ఖాళీకి వేసుకున్న వేషాలు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఖాళీ స్ట్రింగ్‌ను డేట్‌టైమ్‌గా మారిస్తే 1900 జనవరి 1 వస్తుంది. యునిక్స్ సమయంలో సున్నా అంటే 1970 జనవరి 1, మన కాలమానంలో ఆ రోజు ఉదయం 5.30. 45292 ఎక్సెల్ లోపలి నంబరు, 2024 జనవరి 1కి సమానం. పాత మ్యాక్ ఎక్సెల్ ఫైళ్లలో లెక్క 1904 నుంచి మొదలవుతుంది కాబట్టి తేడా కచ్చితంగా 1,462 రోజులుంటే అది కారణం.

అన్నిటికన్నా మాయలాడి ఒరాకిల్‌లో 0024 సంవత్సరం. 15-06-24ను నాలుగంకెల సంవత్సరం ఫార్మాట్‌తో మారిస్తే క్రీస్తుశకం 24వ సంవత్సరం అవుతుంది. స్క్రీన్ మీద రెండంకెలే చూపిస్తే 24 అనే కనబడుతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఇలాంటివన్నీ ల్యాగ్ నడపకముందే తీసేయాలి. లేకపోతే జాబితా అంతా ఇవే నిండుతాయి. ఒక్కో సంవత్సరంలో ఎన్ని రికార్డులున్నాయో లెక్కపెట్టి చూస్తే అర నిమిషంలో బయటపడతాయి.

రోజు, నెల తారుమారయ్యాయేమోనని అనుమానం. నిర్ధారించుకునేదెలా?

03-04-2024 మనకు ఏప్రిల్ 3, అమెరికా సెట్టింగులున్న కంప్యూటర్‌కు మార్చి 4. రోజు 12 లోపు ఉంటేనే ఈ ప్రమాదం. అలాంటివి ఏడాదికి 144, అందులో 1-1, 2-2 లాంటి పన్నెండు తిప్పినా అవే కాబట్టి నిజంగా తారుమారయ్యేవి 132. వరుస తప్పిన ప్రతి రికార్డులోనూ రోజును, నెలను తిప్పి, ముందు వెనక తేదీల మధ్య ఇముడుతుందేమో చూడండి. ఇమిడితే అనుమానం బలపడినట్టే. ఆ ఫైలు ఎక్సెల్ మీదుగా వస్తే ఇంకో ఆనవాలు ఉంటుంది: 12 దాటిన రోజులు తేదీలుగా మారక అక్షరాలుగానే మిగిలిపోతాయి, 12 లోపువి మాత్రం నిశ్శబ్దంగా తిరగబడతాయి.

జనవరిలోనే తప్పులు ఎక్కువ. కారణం ఏమై ఉంటుంది?

చేతి అలవాటు. కొత్త సంవత్సరం మొదటి వారాల్లో పాత సంవత్సరమే పడుతుంది. తేడా 365 లేదా 366 రోజులుంటే ఇంకేం వెతకక్కర్లేదు.

## దొరికిన తర్వాత

తప్పు తెలిసింది కదా, అప్‌డేట్ కొట్టేయొచ్చా?

ఆగండి. కొత్తలో నేనొక చోట వరుస తప్పిన తేదీలన్నిటినీ ముందు రికార్డు తేదీతో నింపేసి, పని అయిపోయిందని ఇంటికి పోయాను. మర్నాడు లెక్కల గదిలో చీటీ పుస్తకం తెచ్చి ముందు పెట్టారు. అందులో చాలావాటికి కాగితం మీద ఉన్నది పాత తేదీయే. వానకు కాటా పాడై, చేతి చీటీలు రాసి, తర్వాత కొత్త నంబర్లతో ఎక్కించారట. నేను దిద్దిన తేదీలే అక్కడ తప్పులు. బ్యాకప్ ఉండబట్టి బతికిపోయాను.

దిద్దే ముందు పాత విలువ, కొత్త విలువ, ఎవరు, ఎప్పుడు, ఏ ఆధారంతో అన్నవి విడి టేబుల్‌లో రాయండి. అప్‌డేట్‌ను ట్రాన్సాక్షన్‌లో పెట్టి, మారిన రికార్డుల సంఖ్య మీ జాబితాతో సరిపోతేనే కమిట్ చేయండి. ఆధారం లేనివాటిని మార్చకుండా "అనుమానం" అని గుర్తు పెట్టి వదిలేయడమే మేలు. డబ్బుతో ముడిపడ్డ తేదీలైతే లెక్కలవాళ్ల రాతపూర్వక ఆమోదం లేకుండా ముట్టుకోకండి.

మళ్లీ రాకుండా డేటాబేస్‌లోనే అడ్డుకట్ట వేయొచ్చా?

ఒకే రికార్డులోని తేదీలకైతే చెక్ కన్‌స్ట్రెయింట్ (రికార్డు పాటించాల్సిన షరతు) చాలు. నల్ ఉంటే చెక్ ఒప్పేసుకుంటుందని గుర్తుంచుకోండి. మైఎస్‌క్యూఎల్‌లో ఇంకో తిరకాసు: 8.0.16 కన్నా ముందు చెక్ రాస్తే ఎర్రర్ లేకుండా తీసుకుని, ఏమీ చేయకుండా ఊరుకునేది. రాసి ఉంది కదా అని ధీమాగా ఉన్నవాళ్లు వెర్షన్ చూసుకోండి.

కాలాలు ఒకదానిపై ఒకటి పడకుండా పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ ఉంది. ముందు చీటీతో పోల్చే పనికి మాత్రం చెక్ సరిపోదు, అది పక్క రికార్డును చూడలేదు. ట్రిగర్ (ఎంట్రీ పడగానే తనంతట తానే నడిచే కోడ్) రాయొచ్చు గానీ ఇద్దరు ఒకేసారి ఎంట్రీ కొడితే ఒకరిది ఇంకొకరికి కనబడదు, లాక్ పెట్టాలి, లాక్ పెడితే కాటా దగ్గర లారీలు ఆగుతాయి. నేనైతే రాత్రిపూట ఒక క్వెరీ నడిపి, ఉదయం జాబితా ఇచ్చే పద్ధతికే ఓటేస్తాను.

పాత తప్పులు అలాగే ఉన్నాయి. చెక్ పెడితే ఒప్పుకోవట్లేదు.

పాతవాటిని చూడకుండా కొత్తవాటికే వర్తించేలా పెట్టొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో నాట్ వ్యాలిడ్, ఒరాకిల్‌లో ఎనేబుల్ నోవ్యాలిడేట్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో విత్ నోచెక్. అయితే తప్పున్న పాత రికార్డులో వేరే ఏదైనా మార్చబోయినా పోస్ట్‌గ్రెస్ అడ్డుకుంటుంది. గుమాస్తాలకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ఫోన్లు మీకే వస్తాయి.

ఈ జాబితాను కంప్యూటర్ తెలియని మేనేజరుకు ఎలా ఇవ్వాలి?

ఒక్కో తప్పుకు మూడు వరసలు ఇవ్వండి: ముందు చీటీ, అనుమానం ఉన్న చీటీ, తర్వాతి చీటీ. తేదీల్లో నెలను అక్షరాల్లో రాయండి. పక్కన ఒక ఖాళీ గడి వదిలి "కాగితం మీద ఉన్న తేదీ" అని పేరు పెట్టండి. పుస్తకం తీసి ఆ గడి నింపగలిగే మనిషి కాటా గదిలోనే ఉంటాడు, జాబితా ముందు అతని దగ్గరికే వెళ్లాలి.